సర్కారు సేవలను ఏ కొలతతో కొలవాలి?

హనుమకొండ నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. మొదటి నుంచి ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూపించుకుంటోంది, కాన్పు కూడా సర్కారు దవాఖానలోనే కావాలని కోరుకుంటోంది. బంధువులు మాత్రం “డబ్బుకు వెనకాడి తల్లీబిడ్డల ప్రాణాలతో ఆడుకుంటారా” అని నిలదీస్తున్నారు. డాలస్‌లో ఉంటున్న అన్నయ్య, మన దేశంలో ప్రభుత్వం చేసే ఏ పనినీ నమ్మకూడదని ఫోన్‌లో కోప్పడ్డాడు. బస్సుల రద్దీ, దవాఖానల్లో బారులు, ఆఫీసుల చుట్టూ తిరగడం ఈ సోదరుడికి తెలియనివి కావు. అయినా అన్న మాట ఆయనకు మింగుడుపడలేదు. మన ప్రభుత్వ సేవల్లో మెచ్చుకోదగినది నిజంగా ఉందా, లేక ఉన్నదానితో సర్దుకుపోవడానికి మనకు మనం చెప్పుకునే ఓదార్పేనా అన్నది ఆయన సందేహం.

నేను వైద్య ఆరోగ్య శాఖలో ఆరోగ్య పర్యవేక్షకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు ఊళ్లలోనూ గూడేలలోనూ గడిచింది. ఆ పనిని లోపలి నుంచి చూసినవాడిగా చెబుతున్నాను: మెచ్చుకోదగినది ఉంది, చాలా ఉంది. అయితే అది కళ్లబడాలంటే ముందు మనం వాడుతున్న కొలతను సరిచూసుకోవాలి.

మనలో చాలామంది సర్కారు దవాఖానను కార్పొరేటు ఆసుపత్రి పక్కన, పల్లెవెలుగు బస్సును సొంత కారు పక్కన పెట్టి చూస్తారు. తేడా కనబడగానే తీర్పు చెప్పేస్తారు. సౌకర్యం ఒక్కటే చూస్తే ఆ తీర్పును కాదనలేం. కానీ ప్రైవేటు సేవ గిట్టుబాటైన చోట మొదలై, గిట్టుబాటు కాని చోట ఆగిపోతుంది. అది వ్యాపారం, అందులో దోషం వెతకనక్కరలేదు. ప్రభుత్వ సేవకు ఆ వెసులుబాటు లేదు. డబ్బు లేదని, కాగితాలు లేవని, దారి లేదని అది ఎవరినీ వెనక్కి పంపకూడదు. అందుకే దాన్ని ముందు వరుసలో కూర్చున్నవాడి సుఖంతో కాక, దారి చివరనున్న ఇంటికి ఏం చేరిందన్నదానితో కొలవాలని నా అభిప్రాయం. ఆ లెక్కన చూస్తే ఏటూరునాగారం అడవిలో నేను చూసినంత గొప్ప పని మరెక్కడా చూడలేదు.

పిల్లల టీకాల సంగతే తీసుకోండి. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. మన దగ్గర బుధ, శనివారాలు టీకా రోజులని పల్లెల్లో ప్రతి తల్లికీ తెలుసు. ఆ రోజు సబ్‌సెంటరులో ఏఎన్ఎం, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన నర్సమ్మ చేతిలో కనిపించే చిన్న నీలం డబ్బా వెనుక ఎంత యంత్రాంగం ఉందో మాత్రం చాలామందికి తెలియదు. చాలా టీకా మందులు తయారైన చోటు నుంచి బిడ్డ తొడ వరకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ప్రయాణించాలి. పోలియో చుక్కలు వేడికి పాడవుతాయి, అయిదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ టీకా గడ్డకడితే పాడవుతుంది. అంటే రెండు వైపులా ప్రమాదమే. అందుకని ఫ్రీజరులోంచి తీసిన ఐస్ ప్యాకును నేరుగా ఆ నీలం డబ్బాలో పెట్టరు. కాసేపు బల్ల మీద ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దుతారు. ప్రతి సీసా మీదా ఒక చిన్న గుర్తు ఉంటుంది, వలయం మధ్యలో లేత రంగు చతురస్రం. వేడి తగిలినకొద్దీ ఆ చతురస్రం ముదురుతుంది, చుట్టూ ఉన్న వలయంతో సమానమైతే ఆ సీసా ఇక పనికిరాదు. పెద్ద చదువులు లేని ఆశ కార్యకర్తలు సైతం ఆ గుర్తును వెలుతురుకు పెట్టి చూసి, “ఇది వద్దు మేడం, తీసి పక్కన పెట్టండి” అని చెప్పడం నేను విన్నాను.

ఇంతకంటే నా మనసుకు హత్తుకున్న నియమం ఇంకొకటి ఉంది. తట్టు, రుబెల్లా టీకా సీసా ఒకటి తెరిస్తే చాలామంది పిల్లలకు సరిపోతుంది, కలిపిన తరువాత నాలుగు గంటలు దాటితే పారేయాలి. వాగు అవతలి గూడెంలో ఆ రోజు టీకా వేయాల్సిన బిడ్డ ఒక్కతే ఉంటే ఏం చేయాలి? ఒక్కరి కోసమైనా సీసా తెరవాలి, మిగిలింది పారబోయాలి. నియమం అదే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయ గిరిజనుల బిడ్డకు, ఆధార్ కార్డు ఉందా అని అడగకుండా, ఒక సీసా మొత్తం తెరిచి ఒక్క మోతాదు వాడి తక్కినది వదిలేయమని చెప్పే సంస్థ ఏదైనా ఉందంటే అది ప్రభుత్వమే. వానాకాలంలో జంపన్నవాగు, దయ్యాలవాగు పొంగి దారులు తెగిపోయినప్పుడు, ఆ డబ్బాను నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచిన ఏఎన్ఎంలతో కలిసి పనిచేశాను. వాళ్ల జీతం ఎంతో, అందులో ఎంతమంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారో కూడా నాకు తెలుసు కాబట్టి ఈ మాట మరింత గౌరవంతో చెబుతున్నాను.

పల్స్ పోలియో రోజుల్లో ఆదివారం బూత్ పెట్టేవాళ్లం, తరువాత ఇంటింటికీ తిరిగేవాళ్లం. అందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో పీ అని, పిల్లవాడు ఊరెళ్లిన ఇంటి మీద, తలుపు తీయని ఇంటి మీద ఎక్స్ అని రాసేవాళ్లం. ఆ ఎక్స్ గుర్తున్న ఇళ్లకు మళ్లీ వెళ్లేవాళ్లం, కుదరకపోతే మరోసారి వెళ్లేవాళ్లం. కాజీపేట జంక్షన్‌లో రైలు దిగే పిల్లల కోసం ప్లాట్‌ఫారం మీద, జాతరకు వచ్చే పిల్లల కోసం మేడారం దారిలో బృందాలు నిలబడేవి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించింది. ఈ తరం తల్లిదండ్రులు పోలియోతో కాలు సన్నబడిన పసివాణ్ణి చూడనే లేదు. చూడలేదు కాబట్టే ఆ సేవ జరిగినట్టు కూడా వాళ్లకు గుర్తులేదు. బాగా జరిగిన ప్రజారోగ్య పనికి ఎప్పుడూ ఉండే చిక్కు ఇదే. రాని జబ్బు ఎవరి కంటా పడదు, ఓపీ దగ్గర రెండు గంటల బారు మాత్రం అందరికీ కనబడుతుంది.

బస్సుల విషయం మీ ప్రశ్నలో ఉంది కాబట్టి చెబుతాను. మన ఆర్టీసీకి మూలం నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా విభాగం. నేటి ఆర్టీసీని నడిపే డ్రైవర్లు, కండక్టర్లు ఎంత ఒత్తిడిలో ఉన్నారో చూడాలంటే సాయంత్రం వరంగల్ బస్‌స్టేషన్‌లో నర్సంపేట, మహబూబాబాద్ వైపు బస్సుల దగ్గర నిలబడితే చాలు. 2023 డిసెంబర్ 9న మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక రద్దీ ఒక్కసారిగా పెరిగింది. డబ్బు పెట్టి టికెట్ కొన్న మగవాళ్లు నిలబడి వెళ్లాల్సి వస్తోందన్న ఫిర్యాదు నిజమే. నిలబడుతున్నవాళ్లలో స్త్రీలే ఎక్కువన్నదీ అంతే నిజం. దీనికి మందు మరిన్ని బస్సులు వేయడమే, అది గట్టిగా అడగాల్సిందే. కానీ ఆ జీరో టికెట్ చేతికి వచ్చాక, చెకప్‌కు వెళ్లాలంటే భర్తనో అత్తనో చార్జీ డబ్బులు అడగాల్సిన అవసరం తప్పి, నెలనెలా తేదీ తప్పకుండా దవాఖానకు వస్తున్న గర్భిణులున్నారు. ఆరోగ్య శాఖ ఎన్ని సభలు పెట్టినా సాధించలేనిది ఆ కాగితం ముక్క సాధించింది.

నైట్ హాల్ట్ బస్సును పట్నంవాళ్లు ఎరగరు. రాత్రి చివరి ట్రిప్పుతో ఊరు చేరి, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయలుదేరే బస్సు అది. పాలు, కూరగాయలు, కాలేజీ పిల్లలు, ఉదయం దవాఖానకు చేరాల్సిన ముసలివాళ్లు అందరూ దాని మీదే. ఆ రూటులో వచ్చే ఆదాయం డీజిల్‌కు చాలని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అయినా బస్సు వెళుతుంది. ఇక రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు, మామూలు రోజుల్లో అడవి ఊరైన చోట తాత్కాలిక బస్‌స్టేషన్ కట్టి, రాష్ట్రం నలుమూలల నుంచి వేల బస్సులు తెప్పించి, లక్షల మందిని క్షేమంగా ఇళ్లకు చేర్చడం చూసినవాళ్లెవరూ ప్రభుత్వానికి పని చేతకాదని అనలేరు.

కరెంటు గురించి ఎక్కువ రాయను. గాలివాన రాత్రి ఫ్యూజు పోతే తిట్టుకుంటూ 1912కు ఫోన్ చేస్తాం. ఆ సమయంలో ఒక లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుని, అంటే ఆ లైనులో సరఫరా ఆపించి, తడిసిన స్తంభం ఎక్కుతున్నాడు. ఎల్‌సీ విషయంలో చిన్న పొరపాటు జరిగినా ఆయన ప్రాణం పోతుంది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే చందాలు వేసుకుని ట్రాక్టర్‌లో మోసుకెళ్లాల్సి రావడం మాత్రం అన్యాయం. దాన్ని నేను సమర్థించను.

2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగితే, ఇళ్ల కప్పుల మీద తెల్లవార్లూ గడిపిన జనాన్ని పడవలతో, హెలికాప్టర్లతో కాపాడారు. కొందరు కొట్టుకుపోయారు. ముందే ఎందుకు హెచ్చరించలేదని ఆ ఊరివాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనది. మరుసటి ఏడాది, 2024 సెప్టెంబర్ మొదట్లో, మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే ప్రధాన మార్గమది. వాన ఆగీ ఆగకముందే వందల మంది కార్మికులు రాత్రింబవళ్లు మట్టీ కంకరా పోసి కొద్దిరోజుల్లోనే మళ్లీ రైళ్లు నడిపించారు. రద్దయిన రైళ్ల గురించి నాకు చాలా ఫోన్లు వచ్చాయి, ఆ ట్రాక్‌మన్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఫిర్యాదుల సంగతి. నా అనుభవంలో రెండు రకాల ఫిర్యాదులను మనం ఒకే గాటన కట్టేస్తాం. బారులు, రద్దీ, మంచాలు చాలకపోవడం ఒక రకం. వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచే కాక ఉత్తర తెలంగాణలోని ఇతర జిల్లాల నుంచి, అవసరమైతే సరిహద్దు దాటి కూడా రోగులు వస్తారు. పాము కరిచినవాడిని, పురుగుల మందు తాగినవాడిని, చేతిలో పైసా లేని ప్రమాద బాధితుణ్ణి అర్ధరాత్రి చేర్చుకుంటారు. ఖర్చు భరించలేక ఇతర ఆసుపత్రుల నుంచి చివరి ఘడియలో తెచ్చిన రోగిని కూడా చేర్చుకుంటారు. తలుపు మూయని ఇంటికి జనం ఎక్కువగానే వస్తారు. ఆ రద్దీని చూసి దవాఖానను తిట్టే బదులు, డాక్టర్లను, నర్సులను, మంచాలను పెంచమని పాలకులను నిలదీయాలి.

లంచం, అవమానం, నిర్లక్ష్యం రెండో రకం. వీటికి ఏ సాకూ చెల్లదు. ఒక దవాఖానలో బాలింతను వార్డుకు తీసుకెళ్లడానికి మగబిడ్డ అయితే ఇంత, ఆడబిడ్డ అయితే ఇంత అని సిబ్బందిలో ఒకరు చేయి చాచడం నేను కళ్లారా చూశాను. అది పేదరికంతో చేసిన పని అని సర్దిచెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే ఇవ్వాల్సినవాళ్లు అంతకంటే పేదలు. ఇలాంటప్పుడు అవినీతి నిరోధక శాఖ నంబరు 1064 ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది, అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం మీద ప్రశ్న రాసిస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. మా శాఖలో ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న పోస్టుల వివరాలు ఒక సాధారణ రైతు వేసిన అలాంటి దరఖాస్తుతో బయటపడి, తరువాత భర్తీ కావడం నాకు తెలుసు. పాలనను ప్రశ్నించడానికి ఆ రైతుకు వకీలు అవసరం రాలేదు. ఈ హక్కు కూడా మన దేశపు సేవల్లో ఒకటే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మరొకటి ఉంది. అర్జీ రాయగలిగినవాళ్లు, ఆఫీసరుతో ధైర్యంగా మాట్లాడగలిగినవాళ్లు, పేపరువాళ్లను పిలవగలిగినవాళ్లు ఒక్కొక్కరే సర్కారు బడినీ దవాఖాననూ వదిలి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు నోరు లేదు. అడిగేవాళ్లు లేనిచోట పని సడలుతుంది, సడలింది కాబట్టి ఇంకొందరు వెళ్లిపోతారు. మీ చెల్లెలి వంటి చదువుకున్న అమ్మాయి ప్రసూతి వార్డులో ఒక మంచం మీద ఉంటే, ఆమె వేసే ప్రశ్నల వల్ల పక్క మంచం మీది అమ్మాయికి కూడా మేలు జరుగుతుంది. ఇది నేను చాలాసార్లు గమనించిన విషయం.

మీ అన్నయ్య మాటకు నేను కోపగించుకోను. దూరాన ఉన్నవాడికి చెల్లెలి మీద బెంగ ఎక్కువ ఉంటుంది. అయితే ఆయన ఉంటున్న దేశంలో అంబులెన్సు ఎక్కితే ఎంత బిల్లు వస్తుందో ఆయనకే తెలుసు. బ్రిటన్‌లో ఉచిత వైద్య సేవను ప్రాణంలా చూసుకునే జనం కూడా ఆపరేషన్ల కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తోందని రోజూ ఫిర్యాదు చేస్తారు. ఇక్కడ 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఇంటి ముందుకు వచ్చి, రోగిని ఎక్కించుకుని, రూపాయి అడగకుండా దవాఖానలో దించుతుంది. కొన్నిసార్లు ఆలస్యమవుతుంది. అడవి ఊళ్లలో దారి లేక మంచం మీద మోసుకొచ్చి దానికి అందించాల్సి వస్తుంది. ఆ చివరి కిలోమీటరు రోడ్డు కోసం పోరాడుదాం. కానీ అసలు బండి రావడమే ఎరగని రోజులు నేను చూశాను, అందుకే దాని సైరన్‌కు నా మనసులో చాలా విలువ ఉంది.

ఇక మీ చెల్లెలి కాన్పు. బంధువుల భయాన్ని తేలికగా తీసుకోవద్దు, కానీ దాన్ని లెక్కల పక్కన పెట్టి చూడండి. గర్భం, ప్రసవం కారణంగా తల్లుల మరణాలు 2011-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 92 ఉండేవి. 2018-20 నాటికి తెలంగాణలో 43కు తగ్గాయి, అదే కాలంలో దేశ సగటు 97. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో దాదాపు సగం ప్రభుత్వ దవాఖానల్లోనే జరిగాయి. అదే సర్వేలో, మన రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు, ప్రభుత్వ దవాఖానల్లో 44.5 శాతం. ఈ రెండో అంకె కూడా నా దృష్టిలో ఎక్కువే. కానీ అవసరం లేని కోత తప్పే అవకాశం ఎక్కడ ఎక్కువో దీన్నిబట్టి మీరే ఆలోచించండి.

అలాగని కళ్లు మూసుకుని వెళ్లమని చెప్పను. ముందు ఆమె తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసి చూడండి. బీపీ పెరుగుతోందా, హిమోగ్లోబిన్ బాగా తగ్గిందా, మాయ కిందికి ఉందని స్కాన్‌లో రాశారా, కవలలా, ఇదివరకు ఆపరేషన్ అయిందా అన్నవి గమనించండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆమెను హైరిస్క్, అంటే ప్రమాదం ఎక్కువున్న గర్భిణిగా చూడాలి. అప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పు ఆలోచన మానుకుని, నిపుణులూ రక్తనిధీ నవజాత శిశువుల ప్రత్యేక విభాగమూ అందుబాటులో ఉన్న పెద్ద దవాఖానను ఎంచుకోండి. హనుమకొండలోని ప్రభుత్వ ప్రసూతి దవాఖాన, వరంగల్‌లోని సీకేఎం దవాఖాన రెండూ మీకు దగ్గరే. ఎనిమిదో నెలలో ఒక ఉదయం ఆమెను వెంటబెట్టుకుని ఓపీకి వెళ్లి, రాత్రివేళ మత్తు డాక్టరు ఉంటారా, రక్తం అవసరమైతే ఎంతసేపట్లో వస్తుంది, బిడ్డకు ఊపిరి అందకపోతే ఎక్కడికి తీసుకెళతారు అన్న మూడు ప్రశ్నలు నేరుగా అడగండి. జవాబులు స్పష్టంగా ఉంటే నిశ్చింతగా అక్కడే పేరు నమోదు చేయించండి. లేకపోతే రెండో దవాఖానలో అడగండి, అక్కడా తృప్తి కలగకపోతే ప్రైవేటుకు వెళ్లడంలో తప్పులేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రానుపోను వాహనం అన్నీ ఉచితమే కనుక ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, సూపరింటెండెంటుకు రాసి ఇవ్వండి. 102 వాహనం నంబరు, మీ ఊరి ఆశ కార్యకర్త ఫోను నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఇప్పుడే పెట్టించండి. నొప్పులు రాత్రిపూట మొదలైతే ముందుగా ఆశ కార్యకర్తకే ఫోన్ చేయండి.